చేదొక్కటే తెలిసింది

నా ముక్కు పనిచేయడం మానేసి మూడేళ్ళు దాటింది. ఆ సంగతి నాకు తప్ప మరొకరికి తెలియదని ఆ సీసా వచ్చిన రోజు దాకా నమ్ముతూనే ఉన్నాను.

ముక్కు పోతే పోయింది, కళ్ళు ఉన్నాయి కదా అంటారేమో. మీకేం, అంటారు. నేను మిరపకాయ వాసన చూసి బతికేవాణ్ణి. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీలో గ్రేడర్ని. రైతు శాంపిల్ సంచీ తెచ్చి నా బల్ల మీద పెడతాడు. కాయ తీసి చెవి దగ్గర ఆడించాలి. గింజ గలగలమంటే ఎండినట్టు. తర్వాత తొడిమ దగ్గర విరిచి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. ఆపైన ఒక్క మాట చెప్పాలి. బాగుందన్నానా, సరుకు లోపలికి వెళ్తుంది. నెమ్ము అన్నానా, వచ్చిన బండిలోనే వెనక్కి పోతుంది. కళ్ళంలో ఒకసారి తడిసి మళ్ళీ ఎండబెట్టిన కాయ పైకి ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటుంది, గింజా గలగలమంటుంది. లోపల మాత్రం బూజు పుడుతుంటుంది. దాన్ని ముక్కు ఒక్కటే పట్టుకుంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ మాట నాది. చెంచురామయ్య అంటే యార్డులో ఎవరికీ తెలియదు, ముక్కు రామయ్య అనాలి.

కరోనా రెండో విడతలో జ్వరం వచ్చి పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. వస్తుందిలే, ఓపిక పట్టమన్నారు డాక్టర్లు. ఆవిరి పట్టాను, లవంగాలు నమిలాను, కర్పూరం నలిపి పీల్చాను. ఒక పొద్దున పొయ్యి మీద పాలు అడుగంటి ఇల్లంతా కమురు వాసన నిండితే నేను పక్క గదిలో నింపాదిగా పేపరు చదువుకుంటున్నాను. మా ఆవిడ వచ్చి ధ్యాస ఎక్కడ పెట్టావని దులిపేసింది. ధ్యాస కాదు, ముక్కు లేదని ఆమెకు కూడా చెప్పలేదు. చెబితే నా దగ్గర ఇంకేం మిగులుతుంది? పెద్ద చదువా, పొలమా? ఉన్నదల్లా ఆ ముక్కే. దాని మీద నాకు పొగరు కూడా ఉంది. పోయాక కూడా పొగరు పోలేదు.

మరి మూడేళ్ళు ఎలా నెట్టుకొచ్చావంటే, బుడాన్ మొహం చూసి.

బుడాన్ నా దగ్గర శాంపిళ్ళు తీసే మనిషి. ఇరవై ఆరేళ్ళుగా నాతోనే ఉన్నాడు. సంచీ అడుగు దాకా చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయ తీసి, ఒకటి తను విరిచి చూసుకుని, తర్వాత నాకు అందిస్తాడు. కాయ బాగుంటే వాడి చూపు అప్పుడే పక్క సంచీ మీదికి వెళ్ళిపోతుంది. నెమ్ము ఉంటే కుడి కనుబొమ్మ లేస్తుంది. బూజు దాకా వస్తే పెదాలు బిగుస్తాయి. ఆ మొహాన్ని నేను రోజూ దొంగచూపులు చూస్తూ, నా ముక్కు దగ్గర కాయ తిప్పుతూ, కాస్త ఆగి, తీర్పు చెప్పేవాణ్ణి. ఆ ఆగడం చూసి రైతులు చేతులు కట్టుకునేవాళ్ళు. సిగ్గులేని బతుకు, అయినా సాగింది.

ఆ రోజు మార్చి నెల మధ్యాహ్నం. పల్నాడు నుంచి వచ్చిన బండ్లు గేటు దాటి రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. మాధవీలత పై అంతస్తు నుంచి కబురు పెట్టింది, నన్ను వెంటనే రమ్మని, బుడాన్‌ని అయిదు రకాల కాయ ఒక్కో గుప్పెడు పట్టుకుని రమ్మని. ఆమె మా యజమాని. తండ్రి పోయాక కంపెనీ తనే నడుపుతోంది. పరికిణీలు కట్టుకునే వయసులో నా బల్ల పక్కన స్టూలు వేసుకుని కాయ చూడటం నేర్చుకుంది, ఇప్పటికీ నన్ను బాబాయ్ అనే పిలుస్తుంది. పైన మిషన్లు పెట్టించింది. అవి తేమ చెబుతాయి, రంగు చెబుతాయి, ఘాటు చెబుతాయి. వాసన మాత్రం నన్నే అడుగుతుంది.

వెళ్ళేసరికి బల్ల మీద గోధుమరంగు సీసా ఒకటి, పక్కన మూడు గాజు గ్లాసులు ఉన్నాయి. బీరు. పోలండు నుంచి వచ్చిందట. అక్కడ ఏదో చిన్న ఊళ్ళో ఒకాయన సొంతంగా, కొద్ది కొద్దిగా కాస్తాడట, పెద్ద ఫ్యాక్టరీ సరుకు కాదట. హాప్స్ అని ఒక తీగ ఉందని, దానికి పచ్చటి పూమొగ్గలు వస్తాయని, ఈయన వాటిని దండిగా వేస్తాడని, చేదూ వాసనా రెండూ వాటివేనని మాధవి చెప్పింది. ఇప్పుడాయనకి అందులో మన గుంటూరు కాయ వేసి చూడాలని బుద్ధి పుట్టింది. ముందు నా బీరు రుచి చూసి, దీనికి మీ కాయల్లో ఏది సరిపోతుందో మీ గ్రేడరు చేత చెప్పించండి అని ఆరు సీసాలూ ఒక కాగితమూ పంపాడు. కాగితంలో నాలుగు గడులు. మొదటిది వాసన. రెండోది రుచి. మూడోది మింగాక నోట్లో ఏం మిగిలిందని. నాలుగోది మిరప.

మొదటి గడి పేరు వినగానే నా పని అయిపోయిందనుకున్నాను. మిరప అయితే చూపుతో సగం లాగుతాను, మిగతా సగం బుడాన్ మొహం మీద దొరుకుతుంది. కళ్ళు మూసుకుంటే ఏ కాయ ఏ వాసనో ముప్ఫై ఏళ్ళది బుర్రలో ఉంది. ఈ సీసాలో ఉన్నదాన్ని నేను జన్మలో ఎరగను. పెళ్ళిళ్ళలో కుర్రాళ్ళు పోస్తే రెండు మూడు సార్లు చల్లగా తాగిన బీరు వేరు, ఇది వేరని మాధవి ముందే చెప్పేసింది. గుర్తు తెచ్చుకుని అబద్ధం చెప్పడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు.

ఆమె మూత తీసి పోసింది. తేనె రంగు, కాస్త మసక మసకగా ఉంది. పైన చిక్కటి తెల్లటి నురగ. నేను గ్లాసు కిటికీ వెలుతురుకి పట్టి చూశాను, తిప్పాను, మళ్ళీ పట్టి చూశాను. కాలయాపన అన్నమాట. తర్వాత ఒక ఉపాయం తోచి, ముందు నీకేం తెలుస్తోందో చెప్పమ్మా, నేను సరిచూస్తాను అన్నాను.

ఆమె నవ్వి తల అడ్డంగా ఊపింది. "గ్రేడరు నోరు విప్పేదాకా పక్కనున్నవాళ్ళు ఒక్క మాట అనకూడదు. మీరు నేర్పిందే కదా, బాబాయ్."

నేను నేర్పిందే. చిన్నప్పుడు ఒకసారి నాకంటే ముందు బాగుంది అని నోరు జారితే చెవి మెలేశాను కూడా. చచ్చినట్టు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గ్యాసు చురుక్కుమంది. చల్లదనం తగిలింది. అంతకు మించి ఏమీ లేదు, కుళాయి నీళ్ళు వాసన చూసినట్టే ఉంది. ఇంకోసారి లోపలికంటా పీల్చాను. మాధవి కలం పట్టుకుని ఎదురుచూస్తోంది.

మా పనిలో సందేహం వస్తే కాపాడే మాట ఒకటి ఉంది. మందం. కోల్డ్ స్టోరేజీలో ఏడాది ఉన్న కాయకి వాసన తగ్గుతుంది, దాన్ని మందంగా ఉందంటాం. ఏ కాయని అన్నా పెద్ద తప్పు కాదు, ఎవరూ ఎదురు చెప్పరు. ఆ అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. వాసన మందంగా ఉందమ్మా, పైకి రావటం లేదు, చాలా రోజులు నిలవున్న సరుకులా ఉంది అన్నాను. పెద్ద తెలిసినవాడిలా తల కూడా ఊపాను.

మాధవి కలం కదల్లేదు. నా మొహం కేసి చూసింది, గ్లాసు కేసి చూసింది. అప్పుడు నేను గుమ్మం వైపు చూశాను. బుడాన్ కాయల పొట్లాలు పట్టుకుని, మా మాటలు వింటూ, గడప అవతలే నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. గ్లాసుకీ వాడికీ మధ్య పది అడుగుల దూరం ఉంది. అంటే గదంతా ఆ వాసనతో నిండిపోయి ఉంది. అది లేనిది నా ఒక్కడికే.

బుడాన్ గురించి ఒక మాట చెప్పాలి. అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. బస్టాండు పక్కన వైన్ షాపు ఉన్న సందు దగ్గరి దారి అయినా, కుండపోత వానలో కూడా చుట్టు తిరిగే వెళ్తాడు. కంపెనీలో ఎవరైనా తాగి వచ్చి పక్కన కూర్చుంటే లేచి వెళ్ళిపోతాడు. అలాంటివాడు నా మొహం చూశాడు, మాధవి మొహం చూశాడు. పొట్లాలు గడప దగ్గర పెట్టాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. బల్ల మీది రెండో గ్లాసు తీసుకున్నాడు.

ఏసీ గాలికి చెదిరిపోతోందమ్మా, అందుకే ఆయనకి అందలేదు అని మాధవితో అన్నాడు. తర్వాత నాతో, "అన్నా, ఇటు తిరిగి చూడు" అన్నాడు.

ఇటు తిరిగి అంటే గ్లాసు కేసి కాదు. తన మొహం కేసి. ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. వీడికి తెలుసు.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పీల్చాడు. నేను ఆత్రంగా వెతికాను. కనుబొమ్మ లేవలేదు. పెదాలు బిగియలేదు. చూపు పక్కకి పోలేదు. వాడి మొహం మీద ఇరవై ఆరేళ్ళలో నేను ఎన్నడూ చూడనిది ఏదో వచ్చింది. అది మంచికో చెడుకో, తీపికో కుళ్ళుకో నాకు అంతుపట్టలేదు. వాడికీ తెలిసింది నాకు అందలేదని. మళ్ళీ గ్లాసు ఎత్తాడు, ఈసారి ఇంకా దగ్గరగా. నురగ వాడి మీసానికి అంటుకుంది.

అది చూడలేకపోయాను. కోపం ముంచుకొచ్చింది, వాడి మీద కాదు. ఒరేయ్ బుడానూ, దించరా అని అరిచాను. చేతిలోంచి గ్లాసు లాక్కుని బల్ల మీద పెట్టాను, సగం ఒలికింది.

"నాకు వాసన తెలీదమ్మా," అన్నాను మాధవితో. "కరోనాలో పోయింది. మూడేళ్ళ నించీ వీడి మొహం చూసి చెబుతున్నా."

ఆమె కలం కింద పెట్టింది. బుడాన్ తువ్వాలుతో మీసం తుడుచుకుంటూనే ఉన్నాడు, నురగ పోయాక కూడా.

"నేను చూపిస్తేనే చూశాడమ్మా," అన్నాడు. "ఆయనొక్కడి తప్పు కాదు."

అప్పుడు చెప్పాడు. జ్వరం తగ్గి నేను పనిలోకి వచ్చిన మొదటి వారమే కనిపెట్టాడట. బూజు కాయ ఒకటి అందిస్తే నేను హాయిగా పీల్చి భేషుగ్గా ఉందన్నానట. ఆ సంచీ తనే ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టేశాడు. మర్నాటి నుంచి ప్రతి కాయకీ నేను చూసేలా కనుబొమ్మ ఎత్తడం, పెదాలు బిగించడం మొదలుపెట్టాడు. నేను దొంగతనం చేస్తున్నాననుకున్నదంతా వాడు పెట్టింది. నా కడుపు నిండింది వాడి చేతి అన్నంతో, పైగా రోజూ వాణ్ణి ఒరేయ్ త్వరగా తియ్యరా అని కసిరేవాణ్ణి. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అరవయ్యో పడిలో ఉన్నవాణ్ణి, యజమాని ముందు, ఒలికిన బీరు పక్కన నిలబడి ఏడ్చాను.

మాధవి తిట్టలేదు, ఓదార్చనూ లేదు. బల్ల తుడిచింది. కాగితం ముందుకు లాక్కుంది. "బుడాన్ గారూ," అంది. ఆ పేరుకి గారు తగిలించగా వినడం నాకదే మొదటిసారి. ఇష్టం లేకపోతే వద్దని, ఉంటే వాసన గడి ఆయన చెప్పాలని అడిగింది. వాడు తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. ఇంక గ్లాసు ముట్టుకోనమ్మా, చూసింది ఎలాగూ చూశాను, చూసింది చెబుతానన్నాడు.

"బత్తాయి తొక్క గిల్లితే చిమ్ముతుందే, అది ముందొచ్చి కొట్టింది. వెనకాల పచ్చిమామిడి సొన. ఆ వెనక వాన పడ్డ మర్నాడు గట్టు మీద కోసిన గడ్డి. అడుగున ఎక్కడో వేయించిన జొన్నలు. మందం కాదమ్మా. నిలవ సరుకు అసలే కాదు. కోసి ఎన్నాళ్ళో కాలేదు ఆ పూలు."

నేను ఒక్కో మాటకీ కళ్ళు మూసుకుని వెతుక్కున్నాను. బత్తాయి గుర్తొచ్చింది. గడ్డి గుర్తొచ్చింది. మూడేళ్ళలో మొదటిసారి ఏదో వాసన చూసినట్టయింది, అది వాడి మాటల వల్లే.

రుచి గడికి ఆమె నా వైపు తిరిగింది. నాలుక ఉంది కదా బాబాయ్ అంది. ఉంది. గుక్కెడు తీసుకుని నోట్లో తిప్పాను. నాకు తెలిసింది తెలిసినంతే చెప్పాను. మొదట పల్చటి తీపి, చెరుకు పిప్పిలో మిగిలినంత. వెంటనే చేదు. కాకరకాయ చేదులా మొరటు కాదు, వేపపుల్ల నమిలి ఉమ్మేశాక నాలుక వెనక నిలిచేదే. మింగాక తీపి పోతుంది, చేదు పోదు. నోరు శుభ్రమైనట్టుంటుంది. నా మటుకు నాకు చేదొక్కటే తెలిసింది, మిగతాదంతా బుడాన్‌కి తెలిసింది అని రాయమన్నాను. ఆమె అలాగే రాసింది.

నాలుగో గడి దగ్గర ఇద్దరం ఒకే మాట అన్నాం. తేజ కాయ వద్దు. ఆ ఘాటు ఈ చేదు మీద పడితే రెండూ గొంతులో కలబడతాయి, బత్తాయి వాసన చచ్చిపోతుంది. రంగు ముదురుగా ఉండి కారం తక్కువగా ఉండే బాడిగ కాయ, గింజ తీసేసి, తోలు మాత్రం వెయ్యమన్నాడు బుడాన్. కాగితం కింద వాసన అన్నచోట షేక్ బుడాన్ అని, రుచి అన్నచోట నా పేరు రాసింది. రేపటి నుంచి కింద బల్ల దగ్గర బుడాన్ గారు కూర్చుంటారని చెప్పింది. న్యాయమే అన్నాను. 

అక్కడితో అయిపోయిందనుకుని లేచాను.

"బుడాన్ గారు సెలవు పెట్టిన రోజుల్లో ఎవరు చూశారు, బాబాయ్?" అంది మాధవి.

కిందటేడు ఫిబ్రవరిలో కూతురు గుల్షన్ పురిటికని బుడాన్ పదకొండు రోజులు రాలేదు. ఆ పదకొండు రోజులూ నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. కాయ చూడటానికి ఎర్రగా ఉండి గింజ మోగితే చాలు, బాగుందనేశాను. అలా అనడం తేలిక. ఎనిమిదో రోజుకి భయం పట్టుకుంది, అన్నీ బాగున్నాయంటే ఎవరికైనా అనుమానం రాదా అని. ఆ రోజు సాయంత్రం ఆఖరున వచ్చిన సంచీకి నెమ్ము అన్నాను. అది నాంచారమ్మ అనే ఆమెది, వినుకొండ అవతల పల్లె. కౌలుకి చేసే మనిషి. మూడు వారాలు కళ్ళంలో కాపలా పడుకుని ఎండబెట్టుకున్నాం, ఇంకొక్కసారి చూడండయ్యా అని బతిమాలింది. చూశాను. మొదటిసారి కంటే ఎక్కువసేపు ఆగి, గొంతు పెంచి, నెమ్మే అన్నాను. వెనకున్న రైతులంతా విన్నారు. ముక్కు రామయ్య తిప్పి పంపిన సరుకని తెలిశాక బయట కూడా ఎవరూ సరైన ధర పెట్టలేదట, ఆ మాట తర్వాత చెవిన పడింది. విననట్టు ఊరుకున్నాను.

ఇదంతా చెబుతుంటే బుడాన్ తువ్వాలుతో మొహం కప్పుకుని కుర్చీలో కూర్చుండిపోయాడు.

మర్నాడు వినుకొండ బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. నాంచారమ్మ ఇంటి ముందు పత్తి కట్టె కుప్ప వేసి ఉంది. ఈ ఏడు మిరప వెయ్యలేదట, పత్తికి మారిందట. నన్ను చూడగానే గుర్తుపట్టింది. కూర్చోమని మంచం వాల్చింది, నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ముక్కు పోయిన సంగతి, ఎనిమిదో రోజు సంగతి, ఆఖరున వచ్చినందుకే ఆమె సంచీ తిప్పి పంపిన సంగతి. మా యజమాని కనుక్కోమంది, నీకు జరిగిన నష్టం సరిచేస్తామంది అని కూడా అన్నాను. ఆ మాట ఆమె విన్నట్టు లేదు.

లోపలికి వెళ్ళింది. ఒక డబ్బా పట్టుకొచ్చింది. ఆ ఏటి కాయే, ఇంట్లోకని ఉంచుకున్నానంది. ఒకటి తీసి తొడిమ దగ్గర విరిచింది, నేను విరిచినట్టే. నా మొహం దగ్గర పెట్టింది.

ఊపిరితిత్తుల నిండా పీల్చాను. ఏమీ లేదు. తెలియటం లేదమ్మా అన్నాను.

ఆమె ఆ ముక్కలు తన ముక్కు దగ్గర పెట్టుకుని నిదానంగా చూసుకుంది.

"నెమ్ము లేదయ్యా," అంది. "ఆ రోజూ లేదు. తెలియటం లేదంటే ఊరుకునేదాన్ని. మీరు ఉందన్నారు."